పురిటి గదిలోకి వచ్చిన పదకొండు కత్తులు

పిడి చూసి కత్తి కొనేవాడికి కత్తి సంగతి తెలియదని మా నాన్న అనేవాడు. పామర్రు సంతలో ముప్ఫై రెండేళ్ళు క్షౌరం చేసిన మనిషి ఆయన. నేను ఐదో తరగతితో బడి మానేశాక, పెళ్ళయ్యేదాకా నాలుగేళ్ళు ఆయన పక్కన కూర్చుని సానరాయి మీద నీళ్ళు పోశాను. గడ్డం గీసే కత్తిని ఎలా ఎంచుకోవాలో నాకు తెలిసింది అక్కడే.

ముందు పిడి సంగతి మరిచిపోవాలి. కత్తి తెరిచి, వీపును వెలుగుకు పట్టి, ఒక కన్ను మూసి చూడాలి. రేకులో నులి, మెలిక ఉంటే అక్కడే బయటపడుతుంది. తర్వాత రాయి మీద పడుకోబెట్టాలి. వీపూ, పదునుండే వాదరా ఒకేసారి రాయిని తాకాలి, ఎక్కడా ఊగకూడదు. ఆ తర్వాత బొటనవేలి గోటితో రేకును మీటాలి. మంచి ఉక్కు సన్నగా మోగుతుంది, ఆ మోత కాసేపు నిలుస్తుంది. చెడ్డ ఉక్కు టక్కుమని ఊరుకుంటుంది. చివరికి ముంజేతి వెంట్రుక. చర్మానికి తగలకుండా పైపైన పోనిస్తే వెంట్రుక తెగి పడాలి. ఈ నాలుగూ కుదిరాక పిడి చూడొచ్చు, అదీ తడి చేతిలో జారుతుందా లేదా అన్నంత వరకే.

మా నాన్న కత్తి 1921లో బందరులో కొన్నది. తొమ్మిది కత్తులు మీటి చూసి, వద్దని పక్కన పెట్టి, పదోది తీసుకున్నాడట. నల్ల కొమ్ముపిడి. మేకు దగ్గర పిడి చీలితే రాగి తీగ మూడు చుట్లు చుట్టాడు. చూడడానికి ఏమీ ఉండదు. మీటితే మాత్రం ఇత్తడి గిన్నె అంచును మీటినట్టు ఉండేది. రోజూ పది పన్నెండు గడ్డాలు గీసినా, తోలుపట్టె మీద నలభైసార్లు లాగితే మళ్ళీ తెల్లవారేసరికి కొత్తదే. 1939 మే నెలలో నా పెళ్ళికి మా ఆయన చేతిలో కొత్త బట్టలతో పాటు ఆ కత్తి పెట్టాడు. "నా చేతికి వణుకు మొదలైంది. వణుకు లేని చేతిలో ఉండాలి ఇది" అన్నాడు.

మా ఆయనది బెజవాడ. ఏలూరు కాలువ గట్టున ఇల్లు, వన్ టౌనులో పద్నాలుగు ఇళ్ళ వాడుక. అందులో పెద్ద ఇల్లు ఒక బట్టల షావుకారుది. మంగళగిరి చీరలు, పంచెలు నేతగాళ్ళ దగ్గర తీసుకుని ఊరూరా పంపేవాడు. సోమ, బుధ, గురు, ఆదివారాల్లో మా ఆయన వెళ్ళి గడ్డం చేసి వచ్చేవాడు. మంగళ, శుక్ర, శనివారాల్లో ఆ ఇంట్లో కత్తి గడప దాటకూడదు.

ఈ షావుకారుకి కత్తుల పిచ్చి 1940లో పట్టింది. యుద్ధం వల్ల సీమ సరుకు రావడం తగ్గింది. బ్లేడ్లు దొరకక, అంతకుముందు సేఫ్టీ రేజరుతో సొంతంగా గీసుకునే గుమాస్తాలూ ప్లీడర్లూ మళ్ళీ మా వాళ్ళ కత్తి కిందికి వచ్చారు. మంచి కత్తి అరుదైంది. అరుదైనదల్లా తన పెట్టెలో ఉండాలని షావుకారు పట్టుదల. ఊరు వదిలి వెళ్ళే రైల్వే దొర దగ్గర రెండు కొన్నాడు. కాలువ బంగళాలో సామాను వేలం వేస్తే మూడు పాడుకున్నాడు. గన్నవరంలో విమానాల మైదానం దగ్గర దిగిన సిపాయిల నుంచి ఇంకో రెండు. అలా, అక్కడా ఇక్కడా కొన్న మూడింటితో కలిపి, 1942 చివరికి పది. ముత్యపు చిప్ప పిడి ఒకటి, ఏనుగు దంతం పిడులు మూడు, తాబేటి చిప్ప పిడి ఒకటి, తక్కినవి ఏవో రంగు పిడులు. చందనం పెట్టెలో ఎర్ర మఖమలు గుడ్డ పరిచి వరసగా పెట్టేవాడు. ఒక్కటి కూడా మీటి కొన్నది కాదు. ఒక్క రోజైనా తన చేత్తో తన గడ్డం గీసుకున్నవాడు కాదు. మొహాన నురగతో కూర్చుని, "ఇవాళ దంతప్పిడి తియ్యరా" అనేవాడు. అంతే ఆయన విద్య.

మా ఆయన వాటన్నిటినీ నూరి, తోలుపట్టె లాగి పదును నిలిపేవాడు. కాని ఆ పదింటిలో నాలుగు ఎంత నూరినా సగం గడ్డానికే మొరాయించేవి. అప్పుడు తన పనిముట్ల పొదిలోంచి మా నాన్న కత్తి తీసి పని పూర్తి చేసేవాడు. 1942 డిసెంబరులో ఒక ఆదివారం షావుకారు గవద కింద చెయ్యి పెట్టి చూసుకుని, "ఏరా, ఇప్పుడు గీసింది నా కత్తేనా?" అని అడిగాడట.

"కాదండీ. మా మామగారు ఇచ్చిందండీ."

"ఊళ్ళో అందరి గడ్డాలూ గీసిందేనా ఇది?"

"శుభ్రంగా కడిగి, మరిగే నీళ్ళలో ముంచి తెస్తానండీ."

"అయితే మాత్రం? కూరగాయల వాడి మొహం మీద తిరిగింది నా మొహం మీదా? ఇక ఇది ఇక్కడే ఉంటుంది. నాకు తప్ప ఎవడికీ వాడొద్దు."

అలా పదకొండోది పెట్టెలోకి వెళ్ళింది. మా ఆయన నోరు మెత్తన. తిరిగి వచ్చి నాకు చెప్పినప్పుడు, "ఎక్కడికి పోతుందే, నా చేతిలోనే కదా వాడతాను" అన్నాడు. రెండు నెలలు గడిచాక గుంటూరు నుంచి వచ్చిన బంధువులకి షావుకారు పెట్టె తెరిచి చూపించాడు. మా నాన్న కత్తి పైకెత్తి, "ఇది బందరులో ఓ ఓడ దొర నాకు పట్టుబట్టి ఇచ్చాడు" అన్నాడు. మా ఆయన నురగ కుంచె పట్టుకుని పక్కనే నిలబడి విన్నాడు.

1944 జులై ఆఖరులో మా నాన్న మంచం పట్టాడు. బొగ్గుతో నడిచే బస్సులో నేను పామర్రు వెళ్ళాను. ఆయన గడ్డం మూడు వారాలది పెరిగిపోయి ఉంది. ఒకరికి చెప్పి చేయించుకునే అలవాటు లేని మనిషి. చేతితో గడ్డం నిమురుకుంటూ, "అల్లుణ్ణి రమ్మనమ్మా. ఆ కత్తి తెమ్మను. ఒక్కసారి శుభ్రంగా చేయించుకుంటాను" అన్నాడు. నేను కబురు పెట్టాను.

మా ఆయన షావుకారు దగ్గరికి వెళ్ళి అడిగాడు. అరుగు మీద నలుగురు ఉన్నారట.

"ఒక్క రోజుకండీ. రేపు సాయంత్రానికి తెచ్చి మీ పెట్టెలో పెడతాను."

"చావబోయేవాడి గడ్డం గీసిన కత్తి మళ్ళీ నా మొహాన పెడతావురా?"

"మా మామగారి కత్తే కదండీ."

"నీ పొదిలో కత్తుల్లేవా? పోయే ముసలాడికి ఏ కత్తయితేనేం? వాడికేం తెలుస్తుంది?"

నలుగురూ నవ్వారట. మా ఆయన పొదిలో ఉన్న మామూలు కత్తి నూరుకుని వచ్చాడు. నేను వేణ్ణీళ్ళు పెట్టాను. నురగ పూసి, కణత దగ్గర మొదటి గీత గీయగానే మా నాన్న కళ్ళు తెరిచాడు.

"ఇది అది కాదు" అన్నాడు.

మా ఆయన చెయ్యి ఆగిపోయింది. మా నాన్న మొహం తిప్పుకోలేదు. గడ్డం పూర్తయ్యేదాకా అలాగే పడుకున్నాడు. మూడో రోజు, ఆగస్టు తొమ్మిది, బుధవారం పొద్దున పోయాడు. పోయే మనిషికి తేడా తెలియదన్నవాడికి నేను ఆ రోజు నుంచి బాకీ పడ్డానని అనుకున్నాను. పదిహేను నెలల ఐదు రోజులు ఎదురుచూశాను.

మా ఇళ్ళలో మగవాళ్ళు కత్తి పడితే ఆడవాళ్ళు మంత్రసాని పని చేస్తారు. మా అత్త వన్ టౌనులో పేరున్న మంత్రసాని. 1941 నుంచి ఆవిడ వెంట తిరిగాను. ఆవిడ కళ్ళకి శుక్లాలు వచ్చాక ఒంటరిగా వెళ్ళడం మొదలుపెట్టాను. 1945 కార్తీకానికి నేను ఒక్కదాన్నే పోసిన పురుళ్ళు ముప్ఫై ఒకటి. షావుకారు కూతురు తొలికాన్పుకి పుట్టింటికి వస్తుందని నాకు ఐదు నెలల ముందే తెలుసు. తొమ్మిదో నెల నుంచి వారానికి రెండుసార్లు వెళ్ళి కడుపు చూసి వచ్చేదాన్ని. మంచి పిల్ల. ఆ పిల్ల మీద నాకు ఏ కోపమూ లేదు.

నవంబరు పద్నాలుగు, బుధవారం, పొద్దున్న ఎనిమిదింటికి కబురు వచ్చింది. మా ఆయన పెళ్ళి పనికి గన్నవరం వెళ్ళాడు. నేను సంచిలో ఆముదం, పాత గుడ్డలు, ఉడకబెట్టి ఆరేసిన నూలుదారం పెట్టుకున్నాను. బొడ్డు కోసే కత్తి గూట్లో ఉంది. దాన్ని చూసి, అక్కడే ఉంచి, తలుపు వేసుకున్నాను.

కాన్పు తేలిగ్గా అయింది. హాల్లో గడియారం పదిన్నర కొట్టిన కాసేపటికి మగపిల్లాడు పుట్టి గట్టిగా ఏడ్చాడు. వాణ్ణి తుడిచి, తల్లి పొట్ట మీద పడుకోబెట్టి గుడ్డ కప్పాను. బిడ్డ వెనక వచ్చే మాయ పడేదాకా బొడ్డు కోయనక్కర్లేదు, కోయకపోవడమే మంచిదని మా అత్త నేర్పింది. అంటే నాకు పావుగంటో ఇరవై నిమిషాలో ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. గుమ్మం అవతల ఉన్నవాళ్ళకి తెలియదు.

"అమ్మగారూ, మగపిల్లాడండీ!" అని కేకేశాను. అవతల సంబరం మొదలైంది. "బొడ్డు కోయాలండీ. నా కత్తి ఇంటి దగ్గర ఉండిపోయింది. మంచి కత్తి పంపండి."

షావుకారు భార్య ముందు కూరగాయల కత్తి పంపింది. "ఇదా అండీ? తుప్పు పట్టింది, బిడ్డకి ధనుర్వాతం వస్తుంది. గడ్డం గీసే కత్తి కావాలండీ."

కాసేపు అవతల గుసగుసలు. షావుకారు గొంతు వినిపించింది. "పురిటి గదిలోకి వెళ్ళిన కత్తి మళ్ళీ నాకు పనికొస్తుందిటే?" ఆ తర్వాత తలుపు కింద సందులోంచి ఎర్ర పిడి కత్తి ఒకటి జారింది. పదింటిలోకీ తక్కువది. నేను మీటాను. "ఇది మొద్దండీ."

మళ్ళీ రెండు వచ్చాయి. "ఇవీ పనికిరావండీ."

నేను చెప్పింది అబద్ధం. అన్నీ మా ఆయన నూరినవే. బొడ్డు కోయడానికి వాటిలో ఏదైనా చాలు.

పడుకున్న పిల్ల నా మొహం చూసి, నీరసంలోనూ పెదవి విరిచి నవ్వింది. "ఏం చేస్తున్నావు నువ్వు? నాన్న పెట్టె ఖాళీ చేయిస్తున్నావా?"

"మీరు కదలకండి అమ్మాయిగారూ. మీకూ బాబుకీ ఏం భయం లేదు."

"నాకేం భయం. నా పెళ్ళిలో అప్పగింతలప్పుడు కూడా ఆ పెట్టె ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని అటే చూస్తూ నిలబడ్డాడు. తెప్పించు."

అవతల షావుకారు భార్య గొంతు లేచింది. "మనవడు బొడ్డుతో పడున్నాడండీ! మీకు మనవడా, కత్తులా? పెట్టె ఇలా తెండి!" పెనుగులాట చప్పుడు. గుమ్మం తలుపు కొంచెం తెరుచుకుని చందనం పెట్టె మొత్తం లోపలికి వచ్చింది. నేను తలుపు మూసి గడియ పెట్టాను.

లోపల ఏడు ఉన్నాయి. నల్ల కొమ్ముపిడిది లేదు.

"షావుకారుగారూ," అని పిలిచాను. ఆయనని అలా పిలవడం అదే మొదటిసారి. "రాగి తీగ చుట్టిన నల్ల పిడిది ఏదండీ? అదైతే ఒక్క కోతకి తెగుతుంది."

అవతల అడుగులు అటూ ఇటూ తిరిగాయి. ఈలోపు మాయ పడింది. నేను తొందరపడలేదు. చివరికి తలుపు కింద నుంచి మా నాన్న కత్తి వచ్చింది. మరిగే నీళ్ళలో ముంచి తీసి, రెండు చోట్ల దారం కట్టి, మధ్యలో కోశాను. ఒక్క కోతకే తెగింది. గడియారం పదకొండు కొట్టింది.

బొడ్డు కోసిన కత్తి మంత్రసానిది. అది అందరూ ఎరిగిన ఆచారం. కడిగి, తుడిచి, నా సంచిలో వేసుకున్నాను. తక్కిన పదీ గది మూల పెట్టెలో పెట్టాను. పురుడు కడిగేదాకా వాటిని ఆ ఇంటి మగవాడెవడూ ముట్టుకోడు. ఆ పది రోజులూ నేను తల్లికీ బిడ్డకీ నీళ్ళు పోయడానికి వెళ్ళినప్పుడల్లా షావుకారు గుమ్మానికి బారెడు దూరంలో నిలబడి, "పెట్టె తడవలేదు కదా? మూత వేశావా?" అని అడిగేవాడు. "వేశానండీ" అనేదాన్ని. ఆయన అలా మెడ చాచి నిలబడడం నాకు బాగుండేది.

పదకొండో రోజు, నవంబరు ఇరవై నాలుగున, పురుడు కడిగారు. పురోహితుడు వచ్చి ఇల్లంతా పుణ్యాహం చల్లాడు. కత్తుల సంగతి అడిగితే, ఇత్తడికి చింతపండు చాలు, ఇనుముకి అగ్ని తగలాలి, అప్పుడే శుద్ధి అన్నాడు. పెరట్లో బొగ్గుల కుంపటి పెట్టారు. షావుకారు పీట వేసుకుని కూర్చుని పెట్టె ముందు పెట్టించుకున్నాడు. అప్పుడు ఆయనకి ఏదో అనుమానం వచ్చింది. నేను పక్కన పురిటి గుడ్డలు మూట కడుతున్నాను.

"ఏమే, కత్తులవాళ్ళ ఇంట పుట్టినదానివి. నిప్పు చూపిస్తే వీటికేమైనా అవుతుందా?"

రెండేళ్ళ పసిపిల్లకి తెలిసే మాట అది మా ఇళ్ళలో. నూరిన కత్తిని నిప్పు మీద పెడితే ముందు గడ్డిరంగు తిరుగుతుంది. అక్కడ తీసేస్తే బతుకుతుంది. ఆపైన గోధుమ రంగు, ఊదా, చివరికి నీలం. నీలం తిరిగిందంటే ఉక్కు బిగువు పోయినట్టే, ఇక ఏ రాయి మీదా పదును నిలవదు. నేను మూట ముడి బిగించి, ఆయన మొహం చూసి చెప్పాను.

"ఆడదాన్ని, నాకేం తెలుసండీ? పది కత్తులు ఏరి ఏరి కొన్నవారు మీరు. మీకు తెలియనిదా?"

ఆయన తృప్తిగా తలాడించాడు. ఒక్కొక్కటీ తెరిచి పట్టకారుతో బొగ్గుల మీద పట్టాడు. నేను నిలబడి చూశాను. మొదటి కత్తికి గడ్డిరంగు వచ్చింది, నేను నోరు తెరవలేదు. నీలం వచ్చింది. "చూశావా, నెమలి కంఠంలా మెరుస్తోంది" అన్నాడు భార్యతో. అలా పది. ఏనుగు దంతమని ఊరంతా చెప్పుకున్న మూడు పిడుల్లో రెండు వేడి తగలగానే భగ్గుమని అంటుకున్నాయి. పట్టకారు వదిలేసి వెనక్కి పడ్డాడు. మీసం కొస కమిలింది.

"ఏనుగు దంతం కర్పూరంలా మండుతుందిటండీ?" అంది ఆయన భార్య.

మర్నాడు ఆదివారం. మా ఆయన వెళ్ళేసరికి షావుకారు మొహానికి నురగ పూసుకుని సిద్ధంగా ఉన్నాడట. ముత్యపు చిప్ప పిడి తీసి, తోలుపట్టె మీద లాగి బుగ్గకి పెడితే వాదర మడత పడింది. మా ఆయన వెలుగులో పట్టి చూశాడు. రెండోది చూశాడు. పదీ చూశాడు.

"వీటికి ప్రాణం పోయిందండీ. నిప్పు మీద ఎవరు పెట్టారు?"

"నేనే. మీ ఆడది పక్కనే ఉంది. ఒక్క మాట చెప్పలేదే!"

మా ఆయన పొదిలోంచి మామూలు కత్తి, కూరగాయల వాడికి గీసేదే, తీసి ఆ గడ్డం పూర్తి చేసి వచ్చాడు. ఆ రోజు నుంచి షావుకారు పోయేదాకా, అంటే నాలుగేళ్ళ రెండు నెలలు, ఆ కత్తే ఆయన మొహం మీద తిరిగింది.

ఇంటికి వచ్చి మా ఆయన పొది గోడకి తగిలించి, అన్నం వడ్డించినా కూర్చోలేదు.

"తెలిసే ఊరుకున్నావా?"

"తెలిసే."

"ఐదేళ్ళు నూరాను వాటిని. పదింటిలో ఆరు మంచి ఉక్కు. కత్తులేం చేశాయే నిన్ను?"

"మా నాన్నేం చేశాడు ఆయన్ని?"

నేను సంచిలోంచి నల్ల కొమ్ముపిడి కత్తి తీసి ఆయన ముందు పెట్టాను. ఆయన సంతోషిస్తాడనుకున్నాను. మూడేళ్ళ తర్వాత ఇంటికి వచ్చింది కదా. ఆయన తెరిచి మీటాడు. అదే మోత. మోత ఆగేదాకా విని, మడిచి, నా వైపు జరిపాడు.

"బొడ్డు కోసిన కత్తితో గడ్డానికి వెళ్తే నా ముందు ఎవరు కూర్చుంటారు? ఇది ఇక నీదే."

నాకు ఆ ఆలోచన రాలేదని రాస్తే అబద్ధం. గూట్లో కత్తి ఉంచి తలుపు వేసుకున్నప్పుడే వచ్చింది. ఆయన చేతికి మళ్ళీ రాకపోయినా సరే, ఆ పెట్టెలో మాత్రం ఉండకూడదనుకున్నాను. ఆ మాట ఆయనతో చెప్పలేదు. ఆయన తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు. పదో రోజు మంగళగిరిలో నేతవాళ్ళ ఇంటి నుంచి పురిటికి పిలుపు వచ్చింది. నేను సంచి సర్దుకుంటుంటే ఆయన లేచి, కత్తి తీసుకుని, తోలుపట్టె మీద నలభైసార్లు లాగి, గుడ్డలో చుట్టి సంచిలో పెట్టాడు.